కుంట దాకా రావలసిన కాపలా



ఈ పూట సుక్మా జిల్లా గురించి మాట్లాడుకుందాం. ఛత్తీస్‌గఢ్‌కు దక్షిణపు కొస అది. శబరి నది దాని పక్కనుంచే దిగి, మన కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. 2012లో దంతెవాడ నుంచి విడదీసి జిల్లా చేశారు. ఆ జిల్లాలోని కుంట బజారులో నిలబడితే తెలుగు, గోండి, హల్బీ, హిందీ నాలుగూ చెవిన పడతాయి. మిరప కోతల కాలం వచ్చిందంటే ఎర్రబోరు, దోర్నపాల్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే చర్ల, భద్రాచలం వైపు తరలి వస్తాయి. కష్టం ఇక్కడి చేలల్లో పడితే, కూలి డబ్బు అక్కడి ఇళ్లకు చేరాలి.

సైబర్ భద్రత అనగానే అందరికీ హైదరాబాద్ అద్దాల మేడలు గుర్తుకొస్తాయి. కరెంటు, బ్యాంకులు, టెలిఫోన్లు, రైళ్లు లాంటి కీలక వ్యవస్థలను కంప్యూటర్ దాడుల నుంచి కాపాడాలంటే ప్రభుత్వం, పరిశ్రమ కలిసి పనిచేయాలని సదస్సుల్లో పెద్దలు చెబుతూనే ఉంటారు. ఆ మాట సరైనదే. అయితే ఆ కలయిక ఎంత గట్టిదో తెలుసుకోవాలంటే చూడాల్సిన చోటు సుక్మా లాంటి జిల్లా. అక్కడ ఒక్క టవరు, ఒక్క లైను, బ్యాంకు తరఫున ఊళ్లో డబ్బు ఇచ్చే ఒక్క బ్యాంక్ మిత్ర. అది పోతే పక్కన ఇంకోటి ఉండదు.

బస్తర్ ప్రాంతానికి ఈ సంగతి బాగా తెలుసు. 2007 మే నెలాఖరున నారాయణపూర్ వైపు మావోయిస్టులు 220 కేవీ విద్యుత్తు లైను టవర్లు మూడు పేల్చేశారు. బస్తర్ అంతా వారానికి పైగా చీకట్లో గడిపింది. ఆస్పత్రుల్లో కరెంటు లేదు, నీటి పంపులు తిరగలేదు. తర్వాతి ఏళ్లలో సెల్ టవర్లనూ వదల్లేదు, ఎక్కడికక్కడ తగలబెట్టారు. ఆ రోజుల్లో నష్టం కంటికి కనిపించేది. ఎక్కడ కూలిందో తెలిసేది, ఎవరు వెళ్లి నిలబెట్టాలో తెలిసేది. కంప్యూటర్ దాడి అలా కంటికి కనిపించదు.

సుక్మా జిల్లాలోకి ఇప్పుడు తీగలు, తరంగాలు కొత్తగా వస్తున్నాయి. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో సెల్ టవర్ల కోసం 2014లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. తొలి విడతలో పది రాష్ట్రాల్లో 2,343 చోట్ల బీఎస్ఎన్ఎల్ టవర్లు లేచాయి. అవన్నీ 2జీ. మాట వినపడటమే గొప్ప అనుకున్న రోజులవి. 2022 ఏప్రిల్‌లో వాటిని 4జీకి మార్చడానికి, నిర్వహణకు కలిపి సుమారు 2,426 కోట్ల రూపాయలు మంజూరు చేశారు. ఇలాంటి టవర్లలో చాలావాటిని భద్రతా బలగాల క్యాంపుల ఆవరణలోనో, పోలీస్ స్టేషన్ పక్కనో కట్టారు. కరెంటు నిలకడగా లేని చోట సోలార్ పలకలు, వాటి కింద బ్యాటరీలు. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం నియద్ నెల్లానార్ పథకం మొదలుపెట్టి, క్యాంపుల చుట్టుపక్కల ఊళ్లకు రోడ్డు, కరెంటు, ఫోను, రేషను అందిస్తామని ముందుకొచ్చింది.

వాటి వెంటే మీట నొక్కితే డబ్బు పంపే పథకాలూ వచ్చాయి. మహతారీ వందన్ యోజన కింద 2024 మార్చి నుంచి అర్హులైన వివాహితలకు నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడుతున్నాయి. ఆ వెయ్యి చేతికి వచ్చే తీరు ఒకసారి దగ్గరగా చూడండి. సంతనాడు బ్యాంక్ మిత్ర బల్ల ముందు ఒక తల్లి కూర్చుంటుంది. చిన్న వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెడుతుంది. ఇప్పపూలు ఏరి, తునికాకు కట్టలు కట్టి అరిగిన వేలు. యంత్రం ఒప్పుకోదు. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. ఈసారి వేలు పట్టింది, సిగ్నల్ లేదు. మిత్ర ఫోను పట్టుకుని చెట్టు అవతలికి నడుస్తాడు. చివరికి రసీదు వస్తుంది, నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు.

ఆ కాసేపట్లో ఎన్ని చేతులు పనిచేశాయో లెక్కపెడదాం. టవరు ప్రభుత్వ సంస్థ బీఎస్ఎన్ఎల్‌ది. వేలిముద్రను సరిచూసేది ఆధార్ సంస్థ. బ్యాంకుకూ బ్యాంకుకూ మధ్య లెక్క నడిపేది ఎన్‌పీసీఐ, బ్యాంకులన్నీ కలిసి పెట్టుకున్న సంస్థ. బ్యాంకు ఖాతాల సాఫ్ట్‌వేర్ ఏదో ఐటీ కంపెనీది. వేలిముద్ర యంత్రం ఇంకో తయారీదారుది. మిత్రకు జీతం లేదు, కమీషన్ మీద బతుకుతాడు. ప్రభుత్వానికి గానీ, ఏ ఒక్క కంపెనీకి గానీ ఈ వరస మొత్తం మీద అధికారం లేదు. ఎక్కడ తెగినా ఆ తల్లి మాత్రం ఉత్త చేతులతో ఇంటికి నడవాలి.

ఇలా తెగిన రోజు ఒకటి నిజంగానే వచ్చింది. 2024 జూలై 31న సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే కంపెనీ మీద, కంప్యూటర్లను బిగించి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాడి జరిగిన సంగతి బయటపడింది. స్టేట్ బ్యాంకు, టీసీఎస్ కలిసి పెట్టిన కంపెనీ అది. ప్రభుత్వ రంగం, ప్రైవేటు రంగం కలిసి నిలబెట్టిన సంస్థకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. సహకార బ్యాంకులకు, గ్రామీణ బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ అందించడం దాని పని. దేశంలో దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగిపోయాయి. దాడి మిగతా బ్యాంకులకు పాకకుండా ఎన్‌పీసీఐ ఆ కంపెనీని తన చెల్లింపుల వ్యవస్థ నుంచి వెంటనే విడదీసింది. మర్నాటికి మళ్లీ కలిపింది.

దేశం మొత్తం చెల్లింపుల్లో ఆ చిన్న బ్యాంకుల వాటా అర శాతం మాత్రమేనని అప్పట్లో వార్తా సంస్థలు రాశాయి. నగరంలో చాలామందికి తెలియనైనా తెలియలేదు. ఆ అర శాతంలో ఉన్నది ఎవరో మనకు తెలియదా? పాల డబ్బు, పంట రుణం, పింఛను తీసుకునే వాళ్లు. వేరే బ్యాంకులో ఇంకో ఖాతా లేని వాళ్లు. శాతాల్లో కొలిస్తే చిన్న దెబ్బ, మనుషుల్లో కొలిస్తే పెద్ద దెబ్బ.

ఆ దాడిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది దాని మూలం. స్టేట్ బ్యాంకు, టీసీఎస్ లాంటి పెద్ద సంస్థల గోడలు ఎత్తైనవే. అయినా, తర్వాత ఒక భద్రతా పరిశోధన సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం, దాడికి దారి దొరికింది ఆ బ్యాంకింగ్ వ్యవస్థకు సేవలందించే ఒక చిన్న కంపెనీ దగ్గర, సరిగా అమర్చని ఒక సర్వర్లో. పెద్దవాళ్లు సంతకాలు పెట్టిన ఒప్పందంలో ఆ చిన్న కంపెనీ కాపలా ఎవరి బాధ్యత? నేను చెప్పదలచుకున్న మాట ఇదే. ప్రభుత్వం, పరిశ్రమ చేతులు కలిపాయని చెప్పుకునేటప్పుడు ఆ రెండింటికీ కింద పనిచేసే మూడోవాడిని, కాంట్రాక్టరును, కమీషన్ మనిషిని లెక్కలోకి తీసుకోకపోతే ఆ కలయిక ఢిల్లీకీ హైదరాబాద్‌కూ మధ్యనే ఆగిపోతుంది. కుంట దాకా రాదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఐటీ చట్టంలోని 70ఏ సెక్షన్ కింద 2014 జనవరిలో జాతీయ స్థాయిలో కీలక సమాచార వ్యవస్థల రక్షణ కేంద్రం ఏర్పడింది. ఎన్‌సీఐఐపీసీ అంటారు. కరెంటు, బ్యాంకులు, టెలికాం, రవాణా దాని పరిధిలోకి వస్తాయి. ప్రభుత్వం రక్షిత వ్యవస్థగా ప్రకటించిన కంప్యూటర్లోకి అనుమతి లేకుండా చొరబడితే పదేళ్ల దాకా జైలు. 2004 నుంచి ఉన్న సెర్ట్-ఇన్ దేశమంతటి దాడుల సమాచారం చూసుకుంటుంది. దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లోగా తమకు చెప్పాలని, కంప్యూటర్ రికార్డులు 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్ 28న ఆ సంస్థ ఆదేశాలిచ్చింది. ఆరు గంటలు మరీ తక్కువని పరిశ్రమ మొర పెట్టుకుంది. నేను మాత్రం ఆ గడువు వైపే మొగ్గుతాను. నిప్పు పక్కింటికి అంటుకునే లోపే కేక వేయాలి.

కానీ కేక వేయడానికి మన సంస్థలకు మొహమాటం, భయం. 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం సంగతి చూడండి. కంప్యూటర్లలో వైరస్ ఉందన్న వార్త రాగానే, దాడికి అవకాశమే లేదని ముందు ఖండించారు. మర్నాడు, అక్టోబర్ 30న, అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్ ఒప్పుకుంది. కార్యాలయ పనుల నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్‌కు వైరస్ సోకిందని, సెప్టెంబర్ 4నే సెర్ట్-ఇన్ తమకు తెలియజేసిందని, రియాక్టర్ నడిపే వ్యవస్థ వేరుగా, క్షేమంగా ఉందని చెప్పింది. ఆ రెండూ వేరుగా ఉండటం మంచి పని. అదే మాట మొదటి రోజే చెప్పి ఉంటే జనం ఇంకా నమ్మేవారు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకు ఆ ఒక్క రోజు ఎంత బరువుగా గడిచి ఉంటుందో ఊహించవచ్చు.

దీనికి భిన్నంగా నడిచిన ఉదాహరణ తెలంగాణలో ఉంది. 2021 మార్చి మొదట్లో, చైనాకు చెందిన ఒక ముఠా తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కో వ్యవస్థల్లోకి రావడానికి ప్రయత్నిస్తోందని సెర్ట్-ఇన్ హెచ్చరించింది. అధికారులు అనుమానం వచ్చిన ఐపీ చిరునామాలను అడ్డుకున్నారు, పాస్‌వర్డులు మార్చారు, జరిగింది పత్రికలకు చెప్పారు. కరెంటు పోలేదు. అందుకే ఆ వార్త రెండు రోజుల్లో మరుగున పడింది. ఇలా ఏమీ జరగకుండా ఆపిన రోజులకు మన దగ్గర సన్మానాలు ఉండవు, ఉండాలని నా కోరిక. అంతకు రెండేళ్ల ముందు, 2019లో, మన రెండు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ దెబ్బకు మూతపడ్డాయి. బిల్లులు కట్టే పేజీలు ఆగాయి. ఆ అనుభవం తర్వాతి జాగ్రత్తకు పనికొచ్చిందనే అనుకుంటాను.

ఇప్పుడు మళ్లీ ఆ మూడోవాడి దగ్గరికి వద్దాం. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక కేసు బయటపడింది. ఒక చిన్న సిమ్ కార్డుల పంపిణీదారు. కంపెనీ అతనికి నెలకు ఇన్ని సిమ్‌లు అమ్మాలని టార్గెట్ పెట్టింది. అన్ని సిమ్‌లు కొనే మనుషులు లేరు. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో భూమి దస్తావేజుల నకళ్లు అప్పట్లో ఎవరైనా చూడగలిగేలా ఉండేవి. వాటి మీద అమ్మినవారి, కొన్నవారి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు ఉండేవి. అతను ఆ ముద్రలను దించుకుని, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకిలీ వేళ్లు తయారుచేసి, యంత్రం మీద పెట్టి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు.

నేరం అతనిదే, అందులో సందేహం లేదు. అయితే ఆ నేరానికి దారి వేసినవి మూడు. ప్రభుత్వ శాఖ వేలిముద్రలను బహిరంగంగా పెట్టింది. కంపెనీ అందుకోలేని టార్గెట్ పెట్టింది. రబ్బరు ముక్కకూ ప్రాణమున్న వేలికీ తేడా తెలియని యంత్రాన్ని మధ్యలో వాడారు. ప్రభుత్వమూ పరిశ్రమా ఎవరి పని వారు నియమం ప్రకారమే చేసుకుంటున్నామనుకున్నారు. ఆ ఇద్దరి మధ్య ఖాళీలో ఒక మామూలు దుకాణదారు వేలమంది గుర్తింపును దొంగిలించాడు. వాళ్లిద్దరూ ఒక గదిలో కూర్చుని, నీ దస్తావేజుల్లో ఏముంది, నా యంత్రం ఏం చూస్తుంది అని ఒకరినొకరు అడిగి ఉంటే ఇది ముందే తేలేది. భాగస్వామ్యం అంటే నాకు తెలిసి ఆ కూర్చోవడమే. సుక్మాలో సిమ్ అమ్మేవాడికీ, ఖాతా తెరిచేవాడికీ ఇలాంటి టార్గెట్లే ఉంటాయి. అక్కడి తల్లులకు తమ వేలిముద్ర ఎక్కడెక్కడ దాగి ఉందో చెప్పే నాథుడు లేడు.

టవర్ల విషయంలో దేశం ఒక మంచి అడుగు వేసింది. టెలికాం కంపెనీలు నమ్మకమైన మూలాల నుంచే పరికరాలు కొనాలన్న ఆదేశం 2021 జూన్ 15 నుంచి అమల్లో ఉంది. బీఎస్ఎన్ఎల్ 4జీ నెట్‌వర్క్ స్వదేశీ పరికరాలతో తయారైంది. దాని కోర్ వ్యవస్థ ప్రభుత్వ సంస్థ సీ-డాట్‌ది. టవర్ మీది రేడియోలు బెంగళూరు తేజస్ నెట్‌వర్క్స్‌వి. అన్నింటినీ కలిపి నిలబెట్టింది టీసీఎస్. 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని దాన్ని ప్రారంభించారు. దేశమంతటా 97,500కు పైగా టవర్లు. పరికరం లోపల ఏముందో తెలిసిన ఇంజనీర్లు మన దేశంలోనే ఉండటం చిన్న విషయం కాదు. లోపం దొరికితే దిద్దమని ఇంకో దేశాన్ని బతిమాలనక్కర్లేదు.

పరికరం మనదైనంత మాత్రాన తాళం వేసినట్టు కాదు. చొరబాటు జరిగి సమాచారం బయటికి పొక్కి ఉండవచ్చని 2024 మే 20న సెర్ట్-ఇన్ బీఎస్ఎన్ఎల్‌కు ఒక హెచ్చరిక పంపింది. వెతికితే, బయటికి పొక్కిన సమాచారానికి సరిపోలే సమాచారం ఒక ఎఫ్‌టీపీ సర్వర్లో కనిపించిందని ప్రభుత్వం లోక్‌సభకు తెలిపింది. ఫైళ్లు అటూ ఇటూ పంపుకునే మామూలు సర్వర్ అది. మూల వ్యవస్థలోకి చొరబాటు లేదని చెబుతూ, టెలికాం నెట్‌వర్కుల ఆడిట్‌కు ఒక కమిటీ వేశామని కూడా సభకు చెప్పింది. సీ-ఎడ్జ్ దగ్గర ఒక సర్వర్, ఇక్కడ ఒక సర్వర్, కూడంకుళంలో ఒక కంప్యూటర్. ఎక్కడ చూసినా దారి దొరికింది ఎవరూ పట్టించుకోని మూలనే.

సరే, అన్ని జాగ్రత్తలూ దాటి దాడి జరిగిందే అనుకుందాం. అప్పుడు ఏం చేయాలి? 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో జరిగింది వినండి. ఒక విద్యుత్తు కంపెనీ కంట్రోల్ రూములో తెర మీది బాణం గుర్తు దానంతట అదే కదిలింది. ఆపరేటర్ మౌస్ పట్టుకుని లాగినా మాట వినలేదు. అతని కళ్ల ముందే ఒక్కో సబ్‌స్టేషన్ బ్రేకర్ తెరుచుకుంటూ పోయింది, ఊళ్లు చీకటైపోయాయి. మూడు కంపెనీల మీద అలాంటి దాడే. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. ఫిర్యాదు చేద్దామంటే కాల్ సెంటర్లను దొంగ ఫోన్లతో ముంచెత్తారు. అయినా కొన్ని గంటల్లోనే కరెంటు తిరిగొచ్చింది. ఎలా? సిబ్బంది బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు వెళ్లి, బ్రేకర్లను చేత్తో మూశారు. చేత్తో నడపడం వాళ్లు మరిచిపోలేదు.

సుక్మాలో ఆ విద్య ఇంకా ఉంది. వానాకాలంలో శబరి పొంగి, గోదావరి వెనకనీరు ఎగదన్ని కుంట రోడ్డు మునిగినప్పుడు బయటి నుంచి ఇంజనీరు రాలేడు. 2022 జూలై వరదల్లో చూశాం. అక్కడి లైన్‌మనే స్తంభం ఎక్కాలి, అక్కడి టెక్నీషియనే టవర్ బ్యాటరీ చూసుకోవాలి. వీళ్లలో చాలామంది కాంట్రాక్టు మనుషులు. కాంట్రాక్టు మారితే మనిషి మారతాడు, పాత మనిషి దగ్గరి పాస్‌వర్డు మాత్రం అలాగే ఉండిపోతుంది. టెండరు పత్రంలో స్తంభాల లెక్క రాస్తారు, కేబుల్ మీటర్లు రాస్తారు. మనిషి వెళ్లిన రోజే అతని పాస్‌వర్డు రద్దు కావాలని, కొత్త మనిషికి రెండు రోజుల శిక్షణ కంపెనీ ఖర్చుతో ఇవ్వాలని కూడా రాయాలి. అలాగే, ఏడాదికి ఒకసారైనా కంప్యూటర్లు ఆపేసి కరెంటు, బ్యాంకు, రేషను ఒక రోజు చేత్తో నడిపి చూడాలి. జిల్లా కలెక్టర్, విద్యుత్తు సంస్థ, బ్యాంకులు, బీఎస్ఎన్ఎల్ కలిసి చేయగలిగిన పని ఇది. పెద్ద ఖర్చేమీ కాదు. వేలిముద్ర పడని రోజున కాగితం మీద సంతకం తీసుకుని రేషన్ బియ్యం ఇచ్చే అధికారం ఎవరికుందో ఆ రోజే తేలుతుంది.

భాష సంగతీ చెప్పాలి. కీలక వ్యవస్థల హెచ్చరికలు ఇంగ్లీషులో వస్తాయి, మహా అయితే హిందీలో. కుంటలో బ్యాంక్ మిత్రకు తెలుగు వచ్చు, అదే జిల్లా కిష్టారంలో టెక్నీషియన్‌కు గోండి వచ్చు. ఈ లింకు నొక్కవద్దు, ఫలానా పరికరంలో లోపం ఉంది, ఈ ఫైలు వేసుకోండి అన్న నాలుగు ముక్కలు వాళ్ల భాషలో ఒక ఫోను మాటగా వెళ్లాలి. అది చేయడానికి ఐటీ కంపెనీలకు చేతనవును, ఆకాశవాణికీ చేతనవును. వాళ్లను అడగవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

ఒక మంచి మార్పు ఇప్పటికే మొదలైంది. ఆధార్ వేలిముద్రతో డబ్బు ఇచ్చే మిత్రల వివరాలు బ్యాంకులు పూర్తిగా సరిచూసుకోవాలని, మూడు నెలలు పని చేయకుండా ఉన్నవారిని మళ్లీ తనిఖీ చేశాకే అనుమతించాలని రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశించింది. 2026 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. చివరి మనిషి ఎవరో తెలుసుకోవాలన్న పట్టుదల నియమంగా మారింది. అయితే ఆ నియమం మిత్రను తనిఖీ చేయడంతో ఆగింది. మిత్ర మాట వినే ఏర్పాటు కూడా కావాలి. మోసపోయిన వాళ్లకు 1930 నంబరు ఉంది. మోసం జరగక ముందే, నా యంత్రం తేడాగా ఉంది, ఎవరో పాస్‌వర్డు అడుగుతున్నారు అని చెప్పబోయే మిత్రకు బ్యాంకు తరఫున ఒక నంబరు ఉండాలి. చెప్పినందుకు అతని కమీషన్ కోయకూడదు, లైసెన్సు ఆపకూడదు. రేపు పొద్దున కుంట నుంచి ఒక మిత్ర ఫోను చేస్తే అవతల ఎత్తేది ఎవరు, ఏ భాషలో మాట్లాడతారు, ఎంతసేపట్లో కదులుతారు అన్నది బ్యాంకులూ ప్రభుత్వమూ కూర్చుని ఈ ఏడాదిలోనే రాతపూర్వకంగా తేల్చాలని కోరుతున్నాను.